మన మాటల ఫైలుకు మూడు పరీక్షలు

 

మన ఊళ్ల యువత గోండి మాటలు, పాటలు, ఊరి పేర్లు సేకరిస్తున్నారు. వాటిని యంత్రాలు కూడా అర్థం చేసుకునే డేటా ఫైళ్లుగా మార్చి, అందరూ చూసే కేటలాగులో పెట్టాలనుకునేవాళ్లూ ఉన్నారు. సంతోషం. అలా పెట్టే ముందు ఫైలును ఎలా పరీక్షించాలో సంఘం తరఫున నాలుగు మాటలు చెబుతాం.

ఇది ఎందుకంత ముఖ్యం? మనకు పేన్ అంటే దేవుడు. తెలుగులో పేను అంటే తలలో పురుగు. మనకు యేర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. గోండిని తెలుగు లిపిలో రాసినప్పుడు, ఫైలులో భాష గుర్తు దగ్గర తెలుగు అని పడిపోవడం చాలా తేలిక. అలా పడితే మన భాషను యంత్రం తప్పుల తెలుగు అనుకుంటుంది. ఆ ఫైలును ఒకరు దించుకుంటారు, వాళ్ల దగ్గర నుంచి ఇంకొకరు. తర్వాత మన దగ్గర దిద్దుకున్నా, బయటికి పోయిన నకళ్లు అలాగే ఉండిపోతాయి.

మొదటి పరీక్ష రాత తీరుకు. ఆర్‌డీఎఫ్ పద్ధతిలో ప్రతి విషయాన్నీ మూడు ముక్కల్లో చెబుతాం: దేని గురించి, ఏ లక్షణం, దాని విలువ. 'యేర్, అర్థం, నీళ్లు' అన్నట్టు. టర్టిల్ రూపంలో రాస్తే వాక్యం చివర చుక్క ఉండాలి. చుక్క మరిచినా, కొటేషన్ గుర్తు మూయకపోయినా ఫైలు చదవబడదు. అపాచీ జీనాలోని రయట్ అనే ఉచిత సాధనం ఏ లైనులో చిక్కు వచ్చిందో చూపిస్తుంది.

రెండో పరీక్ష నియమాలకు. దీనికి షాకల్ అనే ప్రమాణాన్ని డబ్ల్యూ3సీ సంస్థ 2017లో ఇచ్చింది. 'ప్రతి మాటకూ కనీసం ఒక అర్థం ఉండాలి, సేకరించిన తేదీ తేదీలాగే ఉండాలి, లైసెన్సు లేకుండా ఏ ఫైలూ పోకూడదు' అని మనమే నియమాలు రాసుకోవచ్చు. భాష గుర్తులు మన జాబితాలోనివే ఉండాలనీ రాయవచ్చు: గోండికి జీ-ఓ-ఎన్, కోయకు కే-ఎఫ్-ఎఫ్. లిపి గుర్తు వేరు. మసరాం గోండి లిపి 2017లో, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. అవి రెండు వేర్వేరు లిపులు, ఒకదాని గుర్తు ఇంకోదానికి వేయకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. నియమంలో రాసిన రకం పేరు ఫైలులోని పేరుతో కలవకపోతే, యంత్రం ఒక్క మాటనూ చూడకుండానే 'అంతా సరే' అంటుంది. అందుకే నకలు ఫైలులో కావాలనే ఒక తప్పు పెట్టి, పట్టుకుంటుందో లేదో చూడండి. పట్టుకుంటేనే ఆ పరీక్షను నమ్మండి.

మూడో పరీక్ష ఊరిది. గోండి గుర్తు సరిగ్గా వేసి, పేన్‌కు అర్థం పురుగు అని రాసినా ఆ ఫైలు మొదటి రెండు పరీక్షలూ దాటిపోతుంది. అర్థం తప్పని చెప్పగలిగేది మన అవ్వ, మన తాత. ఫైలును వాళ్లకు పైకి చదివి వినిపించండి. ఊరు మారితే మాట మారుతుంది. అప్పుడు రెండు మాటలూ ఉంచి, ఏది ఏ ఊరిదో రాయండి.

అనుమతి సంగతీ అంతే. అనుమతి గడి నిండిందా లేదా అన్నదే యంత్రానికి తెలుస్తుంది. నిజంగా అడిగామా లేదా అన్నది మనకే తెలుసు. పేన్‌కు సంబంధించిన పాటలు, పేన్ ఉండే చోట్ల వివరాలు అందరి ముందు పెట్టవచ్చా అని పటేల్‌నూ కటోడానూ అడగండి. వద్దంటే పెట్టకండి. ఆదివాసీల డేటాపై అధికారం ఆదివాసీలదేనని 2019లో వచ్చిన కేర్ సూత్రాలూ చెబుతున్నాయి.

రాత తీరు, నియమాలు కంప్యూటర్‌తో చూసుకోండి. అర్థం, అనుమతి ఊళ్లో కూర్చుని చూసుకోండి. మూడూ దాటిన ఫైలునే మన పేరుతో బయటికి పంపుదాం.

జై సేవా! జై ఆదివాసీ!