మీట నొక్కేది ఎలుక, లెక్క రాసేది ఎవరు?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మత్తు మందులు మెదడును ఏం చేస్తాయో పరిశోధించే విద్యార్థులకు ఏం నేర్పుతారు, దాంతో మనకేం పని? ఇదీ మీరు నన్ను మాట్లాడమన్న సంగతి. కూలికి పోయొచ్చి కూర్చున్నారు. తిప్పి తిప్పి చెప్పను.

మాది నెల్లూరు జిల్లా. మా నాయన సారాయి తాగేవాడు. ఊళ్లో పెద్దలు "వాళ్ల బుద్ధే అంత" అనేవాళ్లు. నేనూ చిన్నప్పుడు అట్లాగే అనుకున్నాను. మెదడు శాస్త్రం చదివాక అసలు సంగతి తెలిసింది. సారాయి మెదడును జోకొడుతుంది. రోజూ జోకొడుతుంటే మేలుకొని ఉండటానికి మెదడు తనను తాను బిగించుకుంటుంది. తాగుడు ఒక్కసారిగా ఆపితే ఆ బిగువు అట్లాగే మిగిలిపోతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనపడతాయి. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషిని మాన్పిస్తామని గదిలో పెట్టి గొళ్లెం వెయ్యకండి. ఆసుపత్రికి తీసుకుపోండి. నా మాటలన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మరవొద్దు.

ఇక విద్యార్థుల చదువు సంగతి. 1954లో కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్న తీగ పెట్టారు. మీట నొక్కితే తీగలో కొంచెం కరెంటు పారుతుంది. ఎలుక మళ్లీ మళ్లీ నొక్కింది. ఆ తర్వాత కరెంటు స్థానంలో మందు కూడా పెట్టారు. ఇప్పటికీ ఎంతోమంది విద్యార్థులకు మొదటి బడి అదే: బోను, ఎలుక, మీట. ఎలుకకు బాధ కలగకుండా పట్టుకోవడం, డోపమిన్ అనే రసాయనం ఎంత పెరిగిందో కొలవడం, దేనికి మందు పడిందో, దేనికి ఉప్పునీళ్లు పడ్డాయో తెలియకుండానే లెక్క కట్టడం, తన ఊహ తప్పయితే తప్పని రాయడం. మంచి పాఠాలే. మనకూ కావలసినవే.

గాని ఒక ప్రశ్న ఉంది. బోనులో మీట తప్ప ఇంకేమీ పెట్టకపోతే ఎలుక ఇంకేం నొక్కుతుంది?

ఈ ప్రశ్నను మనుషుల దగ్గరికి తెచ్చినవాళ్లలో కార్ల్ హార్ట్ ఒకడు. అమెరికాలో మయామీ నగరంలో పేద నల్లవాళ్ల పేటలో పెరిగాడు. వైమానిక దళంలో కొలువు చేశాడు. 1996లో వ్యోమింగ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. కొకైన్ తన జనాన్ని నాశనం చేస్తున్నదని, దానికి విరుగుడు కనిపెట్టాలని బయల్దేరినవాడు. ఆయన చదువూ ఎలుకలతోనే మొదలయింది. తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో, కొకైన్‌కు అలవాటు పడి, ప్రయోగానికి ఒప్పుకున్న మనుషుల్ని ఆసుపత్రిలో ఉంచి అడిగారు: ఈ మోతాదు కావాలా, అయిదు డాలర్లు కావాలా? మోతాదు పెద్దదైతే మందే అన్నారు. చిన్నదైతే చాలాసార్లు డబ్బు తీసుకున్నారు. డబ్బు పెంచితే మందు వద్దనేవాళ్లూ పెరిగారు. అలవాటు జబ్బే కాదని దీని అర్థం కాదు. అలవాటు పడ్డవాడు కూడా ముందు ఇంకో దారి కనపడితే ఆలోచిస్తాడని అర్థం.

అదే దేశంలో 1986లో ఒక చట్టం చేశారు. నల్లవాళ్ల పేటల్లో అమ్మే క్రాక్ కొకైన్ అయిదు గ్రాములు దొరికితే అయిదేళ్ల జైలు. అదే కొకైన్ పొడి రూపంలో అయితే అంతే శిక్షకు అయిదువందల గ్రాములు దొరకాలి! ఒకే సరుకు, రెండు తూకాలు. 2010లో ఆ తేడాను నూటికి ఒకటి నుంచి పద్దెనిమిదికి ఒకటి చేశారు. తూకాలు మాత్రం ఇప్పటికీ రెండే.

మరి పరిశోధన డబ్బు ఎవరికి పోతున్నది? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ నిధుల మీద 2011లో ఒక లెక్క వచ్చింది. తెల్లవాళ్లతో పోలిస్తే నల్ల శాస్త్రజ్ఞులకు నిధులు దొరికే అవకాశం సుమారు పది శాతం పాయింట్లు తక్కువ. కారణాల్లో ఒకటి 2019లో బయటపడింది. వాళ్లు ఎక్కువగా ఎంచుకునే విషయాలు జనం బతుకుకు, సమాజ ఆరోగ్యానికి సంబంధించినవి. ఆ విషయాలకే డబ్బు తక్కువ వస్తున్నది.

ఈ లెక్క చదివిన రోజు నాకు నా మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. "ఏ ప్రశ్న మీద పనిచేస్తావు?" అని గైడు గారు అడిగారు. మా వాడలో తాగుడు మానినవాళ్లు ఎట్లా మానారో చూస్తానన్నాను. "అది సైన్సు కాదయ్యా, సంఘసేవ" అన్నారు. నోరు మూసుకుని ఎలుకల గదికి పోయాను. ఆ రోజు మాట్లాడనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఎందుకంటే ఆ ప్రశ్న అడిగినవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు. దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నారు. సారాయి మీద పాఠం చదివారు. మన కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయని లెక్క తీశారు. 1992లో ఆ మంట జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యానికే నిషేధం పెట్టారు. 1997లో ఎత్తేశారు. ఖజానాకు రాబడి కావాలన్నారు. చూశారా, తాగుడు అలవాటు తాగేవాడికే కాదు, ఖజానాకూ ఉంది! ఆ అలవాటును కొలిచే విద్యార్థిని ఏ ప్రయోగశాల తయారు చేస్తుంది?

అందుకే మనకు రెండు పనులున్నాయి. ఒకటి, సైన్సు చదివే మన పిల్లల్ని డిగ్రీతో ఆపెయ్యొద్దు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాల వైద్యానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ శాస్త్ర కేంద్రం ఉంది. షెడ్యూల్డు కులాల పరిశోధక విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఉంది. కార్యకర్తలు ఈ కబురు ఇంటింటికీ చేర్చాలి. రెండు, ఈ చదువు చెప్పే పెద్దల్ని అడగాలి: మీ విద్యార్థి సూది పట్టడం నేర్చుకున్నట్టే, తాగి మానిన మనిషి పక్కన కూర్చుని వినడం కూడా నేర్చుకోవాలి. ప్రశ్న తయారయ్యేటప్పుడే ఆ మనిషి అక్కడ ఉండాలి.

ఇన్నాళ్లూ మనల్ని చూసి వాళ్లు రాశారు. ఇక బోను పక్కన పుస్తకం పట్టుకుని మన పిల్ల నిలబడాలి. ఎలుక మీట ఎన్నిసార్లు నొక్కిందో ఒక పేజీలో రాయాలి. బోనులో ఏం లేదో ఎదురు పేజీలో రాయాలి.

జై భీమ్!