పాత కారు, అరిగిన ప్లగ్గు



సూరత్ నగరంలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని కోసం వెళ్లి లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడిన నేత కుటుంబాలవి. అక్కడి మునిసిపల్ బడులలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి ఒక ఇంట్లో లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారు ఉందనుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, సి.ఎన్.జి. కిట్ పెట్టించినది. చదునైన రోడ్డు మీద బాగానే పోతుంది. నలుగురూ ఎక్కి, ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కేసరికి మాత్రం కుదుపులు. మెకానిక్కులు దీన్నే 'మిస్సింగ్' అంటారు. ఇంజను పోయింది, బండి అమ్మేయండి అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కష్టపడి కూడబెట్టి కొన్న బండి. ఆ సలహా వినే ముందు స్పార్క్ ప్లగ్గులు ఒక్కసారి విప్పి చూడాలి.

ప్లగ్గు పని చూడడానికి తేలిక. మధ్యలో ఒక ఎలక్ట్రోడ్, పక్కనుంచి వంగి వచ్చిన మరొకటి, రెంటి మధ్య సాధారణంగా 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల ఖాళీ. ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులు పంపితే ఆ ఖాళీలో స్పార్కు దూకి ఇంధనం అంటుకుంటుంది. ఇది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క కట్టండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒక స్పార్కు. అంటే నిమిషానికి, అనగా కిలోమీటరుకు, 1,200 స్పార్కులు. లక్ష కిలోమీటర్లకు 12 కోట్లు! స్పార్కు దూకిన ప్రతిసారీ ఎలక్ట్రోడ్ లోహం కంటికి కనిపించనంత కొద్దిగా కరిగిపోతుంది. పదునైన అంచులు గుండ్రబడతాయి, గ్యాపు పెరుగుతుంది.

అంచు గుండ్రబడితే నష్టమేమిటి? మొన తేలిన చోట విద్యుత్ క్షేత్రం తీవ్రంగా ఉంటుందని మీరు చదువుకున్నారు. మొన పోతే స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాపు పెరిగినా అంతే. ఇక్కడ 1889లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ చెప్పిన నియమాన్ని గుర్తు తెచ్చుకోవాలి. వాయువులో స్పార్కు పుట్టించడానికి కావలసిన వోల్టేజీ, ఆ వాయువు పీడనాన్ని ఖాళీ దూరంతో గుణిస్తే వచ్చే విలువ మీద ఆధారపడుతుంది. మన ఫ్లైఓవర్ చిక్కుముడి విడిపోయేది ఇక్కడే. బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ నొక్కుతాం, సిలిండరులోకి గాలి ఎక్కువ చేరుతుంది, పీడనం పెరుగుతుంది. కాయిల్ ఇవ్వగలిగిన వోల్టేజీ చాలదు. నాలుగింటిలో ఒక సిలిండరు మొరాయిస్తుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు అదే ప్లగ్గు బాగానే కొడుతుంది కాబట్టే చాలామంది మోసపోతారు.

సి.ఎన్.జి.కి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద నెట్టుకొచ్చినా గ్యాసు మీద దొరికిపోతుంది. గ్యాసుతో నడిచే ఇంజను కొత్త సంగతేమీ కాదు. 1860లో లెన్వార్ చేసిన ఇంజను విద్యుత్ స్పార్కుతోనే, వీధి దీపాల గ్యాసుతోనే నడిచింది.

దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఖర్చు ప్లగ్గుతో ఆగదు. దారి దొరకని వోల్టేజీ కాయిల్ ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది. మండని ఇంధనం సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని పాడుచేస్తుంది. దాని ధరతో ప్లగ్గులు ఎన్ని సెట్లు వస్తాయో అడిగి చూడండి.

ఇక విప్పడం. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి అల్యూమినియం హెడ్‌లో మరలు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. తాళం తీసెయ్యండి. ప్లగ్గు గుంతలో దుమ్మును ముందే గాలితో ఊదెయ్యాలి, లేకపోతే అదంతా సిలిండరులో పడుతుంది. ఒక్కొక్కటే విప్పి, ఏది ఏ సిలిండరుదో వరుసగా పెట్టుకోండి. ఈ వరుస చాలా ముఖ్యం. గ్యారేజీలో పాత ప్లగ్గులన్నీ ఒకే డబ్బాలో పడేస్తే సగం సమాచారం పోయినట్టే.

కొస లేత గోధుమ రంగులో ఉంటే పెట్రోలు బండికి ఆరోగ్యమే. గ్యాసు బండిలో ఇంకాస్త తెల్లగా ఉన్నా భయపడకండి, గ్యాసు మసి తక్కువ. పొడి నల్లటి మసి ఉంటే ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది; పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయన్నమాట. అప్పుడు కొత్త ప్లగ్గు తాత్కాలిక ఉపశమనమే. పింగాణీ మీద బొబ్బలు, ఎలక్ట్రోడ్ కరిగిన గుర్తులు ఉంటే వేడి మితిమీరింది; కారణం తేలేదాకా బండి తీయకూడదు. పింగాణీకి పగులుంటే మారు మాట లేదు, పారేయడమే. ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. గీతలు పడ్డ పింగాణీ మీద మసి ఇంకా తొందరగా పట్టుకుంటుంది. ఆ పొదుపు నాకు నచ్చదు.

కొత్తవి నాలుగూ ఒకేసారి, మాన్యువల్‌లో చెప్పిన నంబరువే వేయాలి. మామూలు నికెల్ ప్లగ్గు 30, 40 వేల కిలోమీటర్లు వస్తుంది. ఇరిడియం ద్రవీభవన స్థానం 2,446 డిగ్రీలు, నికెల్‌ది 1,455. అందుకే ఇరిడియం ప్లగ్గు లక్ష దాకా మన్నుతుంది. గ్యాసు మీద రెండూ అంతకన్నా ముందే చూసుకోవాలి. గ్యాపును ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఇరిడియం కొస సన్నం, గేజ్‌తో నెడితే విరుగుతుంది.

బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. గట్టిగా ఉంటే మర అడ్డంగా పడుతోందని గుర్తు. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. పూర్తి బిగువు టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్నంతే. ఇంత చేసినా ఒక సిలిండరు మిస్సింగ్ మానకపోతే, దాని కాయిల్‌ను పక్క సిలిండరు కాయిల్‌తో మార్చి నడపండి. మిస్సింగ్ కాయిల్ వెంట పక్కకు జరిగితే దోషం కాయిల్‌ది; అక్కడే ఉండిపోతే ఇంజెక్టరు, కంప్రెషన్ పరీక్షించాలి.