చెక్క కదలవలెనా, రంపము కదలవలెనా?

ఒకరు పైన, ఒకరు క్రింద నిలిచి పెద్ద రంపముతో దుంగలను కోయుట మన పెద్దలు ఎఱిగినదే. ఆ శ్రమను విద్యుత్తు తొలగించినది. అయితే నేటి వడ్రంగి ఎదుట మఱియొక ప్రశ్న నిలిచినది. దుకాణములలో టేబుల్ సా అను బల్లరంపమును కొనవలెనా, ట్రాక్ సా అను పట్టారంపమును కొనవలెనా? అలమరలు చేయు వడ్రంగి పనిముట్లతో మన ఇంటికే వచ్చి వసారాలో పని చేయుట వాడుక. కావున ఈ ప్రశ్న గృహస్థులకును సంబంధించినదే.

బల్లరంపములో పండ్ల చక్రము బల్ల నడుమనున్న చీలికనుండి పైకి వచ్చి తిరుగుచుండును. ప్రక్కనున్న అడ్డుబద్దకు చెక్కను ఆనించి ముందుకు నెట్టుదుము. రంపము నిలిచియుండును, చెక్క కదలును. పట్టారంపమున అల్యూమినియపు పట్టాను గీత వెంబడి చెక్కపై పఱచి, రంపమునే దానిపై జరుపుదుము. ఇచట చెక్క కదలదు.

ఎంపికకు మూలము ఈ భేదమే. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందము గల ప్లైవుడ్ పలక సుమారు 30 కిలోలు తూగును. చిన్న బల్లపై ఒక్కడే దానిని నెట్టినచో పలక ఒరగును, కోత వంకర పోవును. దానినే నేలపై థర్మోకోల్ అట్టమీద పఱచి పట్టారంపముతో కోయుట సులభము. పట్టా అంచున నున్న రబ్బరు చెక్క పీచును అదిమి పట్టుటచే పైపొర పెచ్చులూడదు. కాని 1400 మిల్లీమీటర్ల పట్టా 8 అడుగుల కోతకు చాలదు. రెండింటిని జోడింపవలెను. కొనుటకు ముందే ఆ వ్యయమును లెక్కించుకొనుట మంచిది.

కిటికీలకు, కుర్చీలకు రెండంగుళముల టేకు బద్దలు నలువది కావలెనన్న, బల్లరంపమే తగినది. అడ్డుబద్దను ఒక్కమాఱు అమర్చిన, అన్నియు ఒకే కొలతకు వచ్చును. సన్నని బద్దపై పట్టా నిలువదు. అయితే 8 అడుగుల చెక్కను చీల్చుటకు బల్లకు ముందు 8 అడుగులు, వెనుక 8 అడుగులు చోటుండవలెను.

ఇక ముఖ్యవిషయము. కొందఱు చేతితో పట్టుకొను కోతయంత్రమును ప్లైవుడ్ బల్ల క్రింద తలక్రిందులుగ బిగించి బల్లరంపముగ వాడుచున్నారు. ఇది మిక్కిలి ప్రమాదకరము. చెక్క చక్రమునకును బద్దకును నడుమ బిగిసినచో, వెనుకవైపున పైకి లేచు పండ్లు దానిని ఎత్తి మనిషి మీదికి విసరును. చేయి చక్రముపైకి జాఱును. మంచి బల్లరంపమున చక్రము వెనుక నొక సన్నని ఉక్కుపలక కోతను మూసికొననీయక ఈ విపత్తును వారించును. పైన కప్పు, చేత నెట్టుకఱ్ఱ తప్పక ఉండవలెను. చేతితొడుగులు ధరింపరాదు, చక్రము వానిని పట్టి లాగును.

అమెరికాలో స్టీఫెన్ గాస్ 1999లో చర్మము తాకినంతనే చక్రమును ఆపు ఉపాయమును కనుగొనెను. సాస్టాప్ అను పేర ఆ రంపములు 2004 నుండి విక్రయమునకు వచ్చినవి. చక్రములో ప్రసరించు స్వల్పమైన విద్యుత్ సంకేతము మాఱగనే అల్యూమినియపు దిమ్మ పండ్లలో గ్రుచ్చుకొని, సెకనులో వేయింట కొన్ని వంతుల కాలముననే దానిని నిలుపును.

పెద్ద పలకలు, ఇఱుకు చోటు, నేడొక ఇల్లు, రేపొక ఇల్లు అయినచో పట్టారంపమును, స్థిరమైన కార్ఖానా, సన్నని బద్దల పని అయినచో బల్లరంపమును కొనుడని మా సలహా. రెండవదానిని కొనుటకు ధనము చాలనిచో, తలక్రిందుల బల్లను మాత్రము ఆశ్రయింపవలదు. గృహస్థులు కూడ తమ ఇంట అట్టి బల్లపై పని జరుగుచున్నచో ఊరకుండక వారింపవలెనని మా మనవి.