పాత కాగితం – పూలసజ్జ
(ఆత్మకూరులో బాలబాలికల వేసవి తరగతుల ముగింపునాడు చేసిన ప్రసంగ పాఠం)



పది రోజులుగా ఈ మండపంలో పిల్లలు పాత కాగితాలతో పూలసజ్జలు చేస్తున్నారు. మొదటినాడు దీనికి అడ్డు చెప్పినవాడిని నేనే. ఆ సంగతి దాచకుండా విన్నవిస్తాను.

పిల్లలు ఇళ్లనుంచి తెచ్చిన కట్టల్లో శుభలేఖలు, గడిచిన సంవత్సరాల క్యాలెండర్లు, పంచాంగాలు ఉన్నాయి. వాటిపై వినాయకుడు, వేంకటేశ్వరుడు, మల్లన్న. అక్షరం సరస్వతీ స్వరూపమనీ, కాలు తగిలితే కళ్లకద్దుకోవాలనీ నేర్పినవాడిని. అందుచేత "వీటిని నానబెట్టి రుబ్బడం అపచారం" అన్నాను. ఎనిమిదేళ్ల బాలిక ఒకతె లేచి, "సామీ, రావిచెట్టు కింద పెడితే మేకలు తింటుండాయి గదా, అది తప్పు గాదా?" అని అడిగింది. నలభై ఏళ్లు పాఠం చెప్పిన నాకు సమాధానం తోచలేదు.

ఆ రాత్రి ఆలోచించాను. వినాయక చవితికి మట్టితో మూర్తిని చేసి, పూజించి, ఉద్వాసన చెప్పి, నీటిలో కలుపుతాము. శ్రద్ధతో కలిపినందువల్ల అది అవమానం కాదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బోధించిందీ ఈ తీరుదే: పాత్రల పేర్లు, రూపాలు వేరైనా సత్యమైనది మట్టియే. కాగితానికీ ఈ న్యాయమే వర్తిస్తుంది. అశ్రద్ధయే అపచారం.

మరునాడు కాగితాలకు నమస్కారం చేయించి పని మొదలుపెట్టించాను. ప్లాస్టిక్ పూత, బంగారురంగు రేకు ఉన్న శుభలేఖలు నానవు గనుక వేరు చేశారు. తక్కినవి చిన్న ముక్కలుగా చించి, మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చారు. నానిన మెంతులు కలిపి మెత్తగా రుబ్బారు. మెంతుల జిగురు గుజ్జును పట్టి ఉంచుతుంది. వాటి చేదు పురుగును రానీయదు. బోర్లించిన గిన్నెపై తడిగుడ్డ పరచి, గుజ్జును చిటికెనవేలి మందాన అద్దారు. మన సీమ ఎండకు మూడు రోజుల్లో గట్టిపడి గిన్నెను వదిలింది. పైన ఎర్రమన్ను పూసి, సున్నంతో ముగ్గులు దిద్దారు. ఇవి పూలకూ వత్తులకూ తగినవి. ప్రసాదానికి వాడరాదు, అచ్చు సిరా అంటుతుంది.

ఇక నా ఇంటి మాట. నా సహధర్మచారిణికి ఈ విద్య తెలుసు. పెళ్లైన కొత్తలో ఇటువంటి సజ్జ ఒకటి చేసి, వత్తులకోసం పూజగదిలో పెట్టుకుంటానన్నది. "చెత్తతో చేసినది దేవుని ఎదుట ఎట్లా పెడతావు?" అన్నాను. ఆమె మారు పలకలేదు. దానిని వంటింటి గూటిలో ఉంచుకొని, రోజూ అక్కడినుంచే వత్తులు తెచ్చి దీపం పెట్టేది. ఆమె గతించి నాలుగేళ్లయింది. బాలిక ప్రశ్న విన్న తరువాత ఆ సజ్జను దించి చూశాను. అంచు ఒకచోట చిట్లింది గాని పురుగు తాకలేదు. ఇప్పుడది పూజగదిలో ఉన్నది. అక్కడ ఉంచమని అడిగిన మనిషి లేదు.

శివరాత్రికీ ఉగాదికీ మన ఊరినుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మార్గాన భక్తులు నల్లమలలో నడిచి శ్రీశైలం చేరుతారు. అది పెద్దపులుల అభయారణ్యం. అక్కడ విడిచిన ప్లాస్టిక్ సంచి నానదు, కరగదు. ఏ జింక కడుపునో పడుతుంది. కనుక గుడికి పూలు తెచ్చేటప్పుడు ఈ పిల్లలు చేసిన సజ్జల్లో తీసుకొని రండి. మీ ఇంట ఎవరైనా ఇటువంటి పనికి పూనుకుంటే చెత్త అనకండి. నేను అన్నాను.

స్వస్తి.