వార్డు మెంబరు లేని కంటోన్మెంటు



సికిందర్ జా పేరిట 1806లో పేరు పొందిన దండు విడిది మన ఊరు. తెల్లవారు వెళ్ళినా ఆనాటి పాలన పద్ధతి పోలేదు. కంటోన్మెంటు బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. సభ్యుల గడువు, పొడిగింపులతో కలిపి, 2021 ఫిబ్రవరిలో తీరింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలన్నారు. మార్చిలోనే రద్దు చేశారు. పన్ను నోటీసులు మాత్రం ఆగలేదు.

ఆఫీసరు పైవారికి జవాబు చెబుతాడు, వార్డు మెంబరు వీధివారికి చెబుతాడు. ఆ రెండోవాడు లేకపోతే మురుగు కాలువ దరఖాస్తు ఫైలు అవుతుంది గాని పని కాదు. ఫైళ్ళు నడిపిన మనకు ఇది ఒకరు చెప్పాలా?

కార్పొరేషనులో కలిపినా, ఇలాగే ఉంచినా మన ఓటు మనకు కావాలి. కాలనీకి ఇద్దరం ఓటర్ల జాబితా సరిచూద్దాం. నెలనెలా దరఖాస్తు పెట్టి రసీదు పుచ్చుకుందాం. దరఖాస్తు రాయడం మనకు చేతనైన పనే.

సెలవు.