ఐష్ అంటే రొట్టె, ఐష్ అంటే బతుకు

ఈరోజు రొట్టె గురించి మాట్లాడుకుందాం.

మనం "ఏరా, ఐష్ చేస్తున్నావా?" అంటాం కదా. జల్సా చేస్తున్నావా అని. ఆ మాట మనకి ఉర్దూ నుంచి వచ్చింది. ఉర్దూకి అరబిక్ నుంచి వచ్చింది. అరబిక్‌లో ఐష్ అంటే బతకడం, బతుకు. అదే మాటని ఈజిప్టు వాళ్ళు దేనికి వాడతారో తెలుసా? రొట్టెకి. మిగతా అరబ్ దేశాల్లో చాలాచోట్ల రొట్టెని ఖుబ్జ్ అంటారు. ఈజిప్టులో మాత్రం ఐష్. కైరోలో బేకరీ ముందు నిలబడి "ఓ నాలుగు బతుకులివ్వు" అని అడిగినట్టన్నమాట.

ఈ ఐష్‌లో మామూలు జనం తినేదాన్ని ఐష్ బలదీ అంటారు. బలదీ అంటే మన దేశానిది, మన ఊరిది. మన భాషలో చెప్పాలంటే నాటు. నాటు కోడిలాగా నాటు రొట్టె. గుండ్రంగా ఉంటుంది, పుల్కా కంటే మందం, బాగా వేడిమీద కాలిస్తే పూరీలా పొంగుతుంది, అడుగున తవుడు అంటుకుని ఉంటుంది. పొద్దున్నే ఉడికించిన చిక్కుడు గింజల కూర ఉంటుంది, దాన్ని ఫూల్ అంటారు. ఈ రొట్టె తుంచుకుని ఆ ఫూల్‌లో ముంచుకుని తిని పనికి పోతారు. మధ్యాహ్నం రొట్టె, రాత్రి రొట్టె. మనకి అన్నం ఎలాగో వాళ్ళకి అది అలాగ.

ఇప్పుడు ఈ రొట్టె వెనక ఉన్న రాజకీయం చూడండి. మతిపోతుంది.

ఈజిప్టులో రాజుల సమాధులు కట్టే పనివాళ్ళకి జీతం డబ్బుల్లో ఉండేది కాదు, ధాన్యంలో ఉండేది. గోధుమలు రొట్టెకి, బార్లీ బీరుకి. క్రీస్తుపూర్వం 1150 ప్రాంతంలో, మూడో రామ్సెస్ రాజుగా ఉన్నప్పుడు, ఆ ధాన్యం రావడం ఆలస్యమైంది. ఒకసారి కాదు, పదే పదే. పనివాళ్ళు పనిముట్లు పక్కన పడేసి, లేచి వెళ్ళి, ఒక గుడి వెనక కూర్చున్నారు. ధాన్యం ఇస్తేనే పని అన్నారు. అధికారులు వచ్చి బతిమాలారు, సర్దిచెప్పారు, చివరికి ఇచ్చారు. ఇదంతా అప్పటి గుమాస్తా ఒకడు పపైరస్ మీద రాసిపెట్టాడు. అది ఇప్పటికీ ఇటలీలో టూరిన్ మ్యూజియంలో ఉంది. చరిత్రలో రికార్డయిన మొదటి సమ్మె ఇదేనంటారు. ఫరో అంటే వాళ్ళకి దేవుడు. దేవుడి సమాధి పని ఆపేశారు, రొట్టె కోసం!

తర్వాత రోమన్లు వచ్చి ఈజిప్టుని పట్టుకున్నారు. ఎందుకు? పిరమిడ్లు చూడ్డానికి కాదు, గోధుమల కోసం. రోమ్ నగరంలో దాదాపు రెండు లక్షల మందికి ప్రభుత్వమే ఉచితంగా ధాన్యం ఇచ్చేది. ఆ ఓడల్లో చాలా ఈజిప్టు నుంచే బయల్దేరేవి. ప్రపంచానికి రొట్టె పెట్టిన దేశం ఈజిప్టు. ఆ దేశమే ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గోధుమలు కొనే దేశాల్లో ఒకటి. నైలు అదే, నేల అదే. జనం మాత్రం పది కోట్లు దాటారు.

సరే, అసలు కథకి వద్దాం. 1977.

అప్పుడు ప్రెసిడెంట్ అన్వర్ సాదత్. దేశానికి అప్పులున్నాయి. కొత్త అప్పు కావాలంటే సబ్సిడీలు తగ్గించండి అని ఐఎంఎఫ్ వాళ్ళన్నారు. జనవరి 17న ప్రభుత్వం ప్రకటించింది. పిండి, బియ్యం, వంటనూనె లాంటి వాటి మీద సబ్సిడీ కోత. తెల్లారేసరికి జనం రోడ్ల మీదున్నారు. కైరో, అలెగ్జాండ్రియా, నైలు పొడుగునా ఊళ్ళకి ఊళ్ళు. ఫ్యాక్టరీ కార్మికులు, స్టూడెంట్స్, ఆడవాళ్ళు, చిన్న ఉద్యోగులు. పోలీసు స్టేషన్లు తగలబెట్టారు. చివరికి సైన్యాన్ని దింపి కర్ఫ్యూ పెట్టారు. రెండు రోజుల్లో దాదాపు 80 మంది చనిపోయారు. ప్రభుత్వం ఆ ప్రకటనని వెనక్కి తీసుకుంది.

1973 యుద్ధంలో సూయజ్ కాలువ దాటించిన హీరో సాదత్. ఆ హీరోని రెండు రోజుల్లో వెనక్కి నడిపించింది ఒక ధరల పట్టిక. ఆయనకి ఒళ్ళు మండింది. ఈ తిరుగుబాటుకి ఆయన పెట్టిన పేరు ఏంటో తెలుసా? దొంగల తిరుగుబాటు. అది విన్నప్పుడు నాకు మన టీవీ డిబేట్లు గుర్తొస్తాయి. కడుపు గురించి అడిగినోడికి ముందు ఒక పేరు పెట్టేస్తారు. దొంగ, సోమరి, ఉచితాలకి అలవాటు పడ్డవాడు. పేరు పెట్టేశాక ఇంక జవాబు చెప్పక్కర్లేదు కదా.

1977 తర్వాత ఈజిప్టు పాలకులందరికీ ఒకటి అర్థమైంది. ధర ముట్టుకుంటే షాక్ కొడుతుంది. మరి డబ్బెలా మిగలాలి? ఇక్కడే అసలు ట్రిక్కుంది. 1980ల్లో మెల్లగా, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రొట్టె ధరని ఐదు పియాస్టర్లకి తెచ్చారు. పియాస్టర్ అంటే మన పైసా లాంటిది, వంద కలిస్తే ఒక పౌండ్. 1980ల చివర్లో ఐదు దగ్గర ఆపారు. ఇంక కదలనివ్వలేదు. దాదాపు 35 ఏళ్ళు! ముబారక్ పోయాడు, మోర్సీ వచ్చాడు, పోయాడు, సీసీ వచ్చాడు. రొట్టె ఐదు పియాస్టర్లే.

కానీ రొట్టె చిన్నదైపోతూ వచ్చింది. 2020 ఆగస్టులో 110 గ్రాముల రొట్టెని 90 గ్రాములు చేశారు. ధర అదే. పేపర్లో "రొట్టె ధర పెరిగింది" అనే హెడ్డింగ్ రాదు. తినేవాడికి మాత్రం మూడో రొట్టె తిన్నా ఇంకా ఆకలేస్తూ ఉంటుంది.

మీకూ ఇది తెలుసు. చిన్నప్పుడు ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఎంతుండేది, ఇప్పుడెంతుంది? చిప్స్ ప్యాకెట్‌లో గాలే ఎక్కువ. మనం దాన్ని మీమ్ చేసి నవ్వుకుంటాం. దేశం మొత్తం ఆ చిప్స్ ప్యాకెట్ లాగా అయితే ఎలా ఉంటుందో ఈజిప్టు వాళ్ళని అడగాలి. స్కీమ్ పేరు అదే ఉంటుంది, ధర అదే ఉంటుంది, ఫ్లెక్సీ మీద ఫోటో ఇంకా పెద్దదవుతుంది. లోపల గ్రాములు తగ్గుతాయి. రాజకీయాల్లో నేను దేన్నైనా నమ్మాలంటే ముందు కాటా మీద పెట్టి చూస్తాను.

ఐదు పియాస్టర్ల రొట్టెలో ఇంకో గొడవ ఉంది. బేకరీకి ప్రభుత్వం చవగ్గా పిండి ఇస్తుంది. ఆ పిండితో రొట్టె చేస్తే వచ్చేది కాస్త, బస్తా బస్తాగా బ్లాక్‌లో అమ్మేస్తే వచ్చేది బోలెడు. చాలా పిండి రొట్టె కాకముందే గోడ దూకేది. దాణా కంటే రొట్టె చవక కాబట్టి కొంతమంది పశువులకి కూడా రొట్టెలు వేసేవాళ్ళు. మనకి కొత్తేం కాదు లెండి. కోటా బియ్యం చౌక డిపో నుంచి ఇంటికి, ఇంటి నుంచి బండివాడికి, బండి నుంచి మిల్లుకి, మిల్లు నుంచి పోర్టుకి. 2024 నవంబర్‌లో కాకినాడ పోర్టులో "సీజ్ ద షిప్" అని మీరంతా రీల్స్ చేసుకున్నారు కదా. ఆ ఓడ గొడవ మొత్తం రేషన్ బియ్యం గురించే.

2008లో ప్రపంచమంతా గోధుమల రేటు ఆకాశానికి వెళ్ళింది. బయట మార్కెట్లో రొట్టె కొనలేక అందరూ సబ్సిడీ బేకరీల మీద పడ్డారు. గంటల కొద్దీ క్యూలు. క్యూల్లో తోపులాటల్లో, కొట్లాటల్లో మనుషులు చచ్చిపోయారు. చివరికి ముబారక్ ఏం చేశాడో తెలుసా? రొట్టెలు కాల్చమని ఆర్మీకి ఆర్డరేశాడు. మిలిటరీ బేకరీలు! మూడేళ్ళ తర్వాత, 2011 జనవరిలో, తహ్రీర్ స్క్వేర్‌లో లక్షల మంది చేరి అరిచిన నినాదం "ఐష్, హుర్రియా, అదాలా ఇజ్తిమాయియా". రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం. 30 ఏళ్ళ ముబారక్ 18 రోజుల్లో దిగిపోయాడు. రొట్టె ఒక్కటే కారణం అంటే అబద్ధం అవుతుంది. పోలీసుల దౌర్జన్యం ఉంది, నిరుద్యోగం ఉంది, ట్యునీషియా చూపించిన దారి ఉంది. కానీ లిస్టులో మొదటి మాట ఏంటో చూడండి.

మనదీ మూడు మాటలే. కూడు, గూడు, గుడ్డ. మనవాళ్ళు కూడా కూడునే ముందు పెట్టారు. కానీ మన మూడింట్లో స్వేచ్ఛ లేదు. మనం ఆల్రెడీ తెచ్చేసుకున్నాం అనుకున్నామేమో.

2022లో ఈ కథలోకి మనం నేరుగా వచ్చాం. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఈజిప్టు కొనే గోధుమల్లో చాలా భాగం రష్యా, ఉక్రెయిన్ నుంచే. ఒక్కసారిగా గొంతులో వెలక్కాయ పడింది. ఏప్రిల్‌లో ఇండియా నుంచి కొంటామన్నారు. మనవాళ్ళు కూడా ప్రపంచానికి మేం తిండి పెడతాం అన్నారు. అంతలో ఉత్తరాదిలో ఎండలు ముందే ముదిరి గింజ ఎండిపోయింది, మన దగ్గరే రేట్లు పెరిగాయి. మే 13న గోధుమల ఎగుమతి బ్యాన్. అప్పటికి గుజరాత్‌లో కాండ్లా పోర్టులో ఈజిప్టుకి వెళ్ళాల్సిన 61,500 టన్నుల గోధుమలు ఓడలోకి ఎక్కుతున్నాయి. కొంత ఎక్కింది, కొంత ఎక్కలేదు. ఈజిప్టు అడిగితే ఆ ఒక్క లోడు వదిలారు. మధ్యప్రదేశ్‌లోనో ఇంకెక్కడో రైతు పొలంలో మార్చి ఎండ, కైరోలో ఒక పిల్లాడి ప్లేట్‌లో రొట్టె. ఈ రెండింటికీ మధ్య ఒక ప్రభుత్వం సంతకం.

ఇప్పుడు క్లైమాక్స్. 2024 జూన్ 1. రొట్టె ధర ఐదు పియాస్టర్ల నుంచి 20కి పెంచారు. నాలుగు రెట్లు. ఒక్క రొట్టె చెయ్యడానికి మాకు 125 పియాస్టర్లు అవుతోంది అని ప్రధాని చెప్పాడు. లెక్క తప్పు కాదు. 2021లోనే సీసీ, 20 రొట్టెలు ఒక సిగరెట్ రేటుకి ఇస్తున్నాం, ఇదెక్కడి న్యాయం అన్నాడు. సరే, 1977లో దేశం తగలబడింది కదా, 2024లో ఏమైంది?

ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదు అని నేను చాలా ఆలోచించాను. ఒకటి, 2014 నుంచి రొట్టె స్మార్ట్ కార్డు మీద ఇస్తున్నారు. మనిషికి రోజుకి ఐదు. క్యూ లేకపోతే గుంపు లేదు, గుంపు లేకపోతే గొడవ లేదు. రెండు, భయం. రోడ్డెక్కితే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. మూడోది నాకు ఎక్కువ బాధగా అనిపించింది. 2023 సెప్టెంబర్‌లో అక్కడ ధరల పెరుగుదల 38 శాతం. మాంసం మానేశారు, గుడ్లు తగ్గించారు, పౌండ్ పడిపోయింది. అన్నీ పెరిగాక రొట్టె 20 పియాస్టర్లైతే, ఇంకా అన్నిటికంటే చవక అదే. అరవడానికి ఓపిక కూడా కావాలి కదా.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చాడు. మా నాన్నమ్మ పార్టీల పేర్లు చెప్పలేదు కానీ "రెండ్రూపాయల బియ్యం వచ్చిన ఏడాది" అని పెళ్ళిళ్ళ లెక్కలు చెప్పేది. మధ్యలో ధర పెరిగింది, 2008లో వైఎస్ మళ్ళీ రెండు రూపాయలు చేశాడు, 2011లో రూపాయి అయింది, ఇప్పుడు దేశంలో 80 కోట్ల మందికి మనిషికి నెలకి ఐదు కిలోలు ఉచితం. 2022 జూలైలో ప్రధాని "రేవడీ కల్చర్" అన్నప్పటి నుంచి ఉచితాల మీద గొడవ. నేను గమనించింది ఏంటంటే, ప్రతి పార్టీకి ఎదుటివాడిచ్చేది ఉచితం, తానిచ్చేది సంక్షేమం.

నా అభిప్రాయం అడిగితే, తిండిని ఆ లిస్టులో వెయ్యకండి. మిక్సీ, టీవీ గురించి గంటలు గంటలు వాదించుకుందాం, నేనూ వస్తాను. బియ్యం తీసుకున్న మనిషిని సోమరి అంటే నేను ఒప్పుకోను. ఆ మనిషి ఆ మిగిలిన డబ్బుతో పిల్లకి ఫీజు కడుతున్నాడు. ఇంకో వైపు, బియ్యం ఇచ్చాం కదా, ఇంక నోర్మూసుకో అనే నాయకుడితో కూడా నాకు పేచీ ఉంది. ఫరో పనివాళ్ళు అడిగింది దానం కాదు, జీతం. మనకిచ్చేది కూడా మన పన్నులదే. సబ్బు కొన్న ప్రతివాడూ పన్ను కట్టాడు.

2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నాకు దీంట్లో ఇంట్రెస్ట్ ఏంటంటే, ఇన్నేళ్ళూ అందరూ ధర గురించే మాట్లాడారు. రెండు, ఒకటి, ఉచితం. దొడ్డు బియ్యం జనం తినలేక అమ్ముకుంటున్నారని అందరికీ తెలుసు, ఎవడూ పైకి మాట్లాడలేదు. పేదవాడికి కూడా అన్నం మెత్తగా, పొడిపొడిగా కావాలి అనే మాట అసెంబ్లీ దాకా రావడానికి 42 ఏళ్ళు పట్టింది. అది నిలబడుతుందా, రెండేళ్ళకి నూకలు కలుస్తాయా, చూడాలి.

మీ ఇంట్లో రేషన్ తీసుకుంటే ఈ నెల ఒక పని చెయ్యండి. బియ్యం ఇంటికి తెచ్చాక పక్క కిరాణా కొట్టులో కాటా మీద పెట్టండి. ఎంత రాసి ఉందో, ఎంత తూగిందో కామెంట్‌లో పెట్టండి. ఊరి పేరు కూడా రాయండి. నేను చదువుతాను.