మూగబోయిన ఫోన్‌లోని అమానత్

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీ విరాళాలతో నడుస్తున్న సాయంత్రపు మొబైల్ రిపేరు తరగతిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులం మేము. స్క్రీన్ మార్చడం, ఛార్జింగ్ పిన్ అతకడం అక్కడ నేర్పుతున్న సంగతి మీకు తెలిసిందే. ఈ రోజు అంతకంటే కష్టమైన పని గురించి నాలుగు మాటలు చెబుతాం. ఆన్ కాని ఫోన్‌లోని మెమరీ చిప్‌లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫైలులోకి దించుకోవడం. రిపేరు బల్ల దగ్గర దీన్ని 'డంప్ తీయడం' అంటారు.

ఈ పని మనకెందుకు? ఇంటి పెద్ద హఠాత్తుగా కన్నుమూస్తే, ఆయన ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో ఈ రోజుల్లో ఫోన్‌లోనే ఉంటోంది. వారసులు ఆస్తి పంచుకునే ముందు పోయినవారి అప్పు తీరాలన్నది మనందరికీ తెలిసిన నియమం. ఆ లెక్క నీళ్లలో పడి ఆగిపోయిన ఫోన్‌లో ఉండిపోతే, అది వట్టి వస్తువు కాదు, అమానత్.

డంప్ రాగానే పని అయిపోదు. ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. "చిప్ పోయింది సార్" అంటారు పిల్లలు. చాలాసార్లు చిప్ బాగానే ఉంటుంది, చదివిన పద్ధతే తప్పుతుంది. అందుకే ఒక వరుస పెట్టి నేర్పుతున్నాం.

మొదటిది, రెండుసార్లు చదవడం. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను కంప్యూటర్ లెక్కకట్టి ఇస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అలాంటిదే. రెండు డంప్‌ల వేలిముద్రలూ కలిస్తే చదవడం నిలకడగా ఉందని అర్థం. కలవకపోతే తేడా ఎక్కడుందో చూడాలి. అక్కడక్కడ ఒక్కో బిట్ మారితే చిప్ బలహీనపడిందనుకోవచ్చు. పెద్ద పెద్ద ముక్కలే మారిపోతే కాంటాక్టు, కరెంటు సరిచూడాలి. వేలిముద్రలు కలిసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఒక తీగ అతుక్కోకపోతే ఒకే పేజీ మళ్లీ మళ్లీ రావచ్చు. రెండుసార్లూ అదే తప్పు వస్తుంది, వేలిముద్రలూ కలుస్తాయి.

రెండోది, ఫైలు సైజు. బడి నోటుబుక్కులో మార్జిన్ ఉన్నట్టే, పాత ఫోన్లలోని నాండ్ చిప్‌లకూ మార్జిన్ ఉంటుంది. 128 మెగాబైట్ల ఒక రకం చిప్‌ను తీసుకుందాం. అందులో 65,536 పేజీలు. ఒక్కో పేజీలో 2,048 బైట్ల సమాచారం, పక్కన 64 బైట్ల మార్జిన్. మార్జిన్ లేకుండా దించితే ఫైలు 13,42,17,728 బైట్లు, మార్జిన్‌తో దించితే 13,84,12,032 బైట్లు. ఈ రెండూ కాని సంఖ్య వస్తే చదవడం మధ్యలో ఆగిందో, చిప్ రకాన్ని తప్పుగా ఎంచుకున్నామో చూసుకోవాలి. మార్జిన్ ఉన్న ఫైలును లేదనుకుని చదివితే ప్రతి పేజీకీ 64 బైట్లు జరుగుతూ, 32 పేజీలకల్లా ఒక పేజీ నిండా తేడా వస్తుంది. ఇక ఏ ఫొటో తెరుచుకుంటుంది?

ఆ మార్జిన్‌లోనే తప్పులు దిద్దే గుర్తులు, చెడిపోయిన బ్లాకుల గుర్తులు ఉంటాయి. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లు వాడిన యాఫ్స్2 పద్ధతిలోనైతే ఏ ముక్క ఏ ఫైలుకు చెందిందో కూడా అక్కడే రాసి ఉంటుంది. కాబట్టి డంప్ ఎప్పుడూ మార్జిన్‌తోనే తీయాలి. వద్దనుకుంటే తర్వాత తీసేయవచ్చు. వదిలేసిన మార్జిన్‌ను మాత్రం కొత్తగా పుట్టించలేం.

మూడోది, పాతా కొత్తా తేల్చుకోవడం. నాండ్ చిప్‌లో రాసేది పేజీ చొప్పున, చెరిపేది బ్లాకు చొప్పున. మనం చెప్పుకున్న చిప్‌లో 64 పేజీలు ఒక బ్లాకు. ఒక్క అంకె మార్చాలన్నా ఫోన్ దాన్ని కొత్త పేజీలో రాస్తుంది. పాత పేజీ వెంటనే చెరిగిపోదు. అందువల్ల డంప్‌లో ఒకే లెక్కకు రెండు మూడు ప్రతులు దొరకవచ్చు. వాటి వరుస తేల్చకుండా చేతికి దొరికింది చదివితే తీరిన బాకీ తీరనట్టే కనిపిస్తుంది. ఒక కుటుంబం చేయని అప్పు మోయాల్సి వస్తుంది, లేదా ఒకరి హక్కు పోతుంది. "దొరికింది" అనడానికి ముందు "ఇది చివరి ప్రతేనా?" అని అడగడం మా పిల్లలకు అలవాటు చేస్తున్నాం.

నాలుగోది, కాదని చెప్పగలగడం. ఇప్పటి ఫోన్లలోని చిప్‌లు మార్జిన్‌నూ, పేజీల వరుసనూ లోపలే చూసుకుంటాయి. అయితే ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాత విడుదలైన ఫోన్లలో యజమాని సమాచారమంతా తాళం వేసి ఉండాలన్నది నియమం. ఆ తాళంచెవి ఫోన్ ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. చిప్ ఊడదీసి చదివితే దొరికేది అర్థం లేని అంకెల గుట్టే. ఆ భాగాన్ని జిప్ చేసి చూస్తే సైజు తగ్గదు, అది ఒక గుర్తు. అప్పుడు ఉన్న దారి బోర్డును బతికించి, ఫోన్ తనంతట తాను తెరుచుకునేలా చేయడమే. దానికీ స్క్రీన్ లాక్ నంబరు కావాలి. ఆ సంగతి ఇంటివారికి ముందే చెప్పాలి. లేని ఆశ పెట్టి డబ్బు తీసుకోకూడదు.

వీటితో పాటు బల్ల మీద రాసి పెట్టిన నియమాలు కొన్ని ఉన్నాయి. మొదటి డంప్‌ను ముట్టుకోకుండా దాచి, దాని నకలు మీదనే పని చేయాలి. యజమాని గాని వారసులు గాని రాసి ఇవ్వనిదే ఫోన్ విప్పకూడదు. పోలీసు కేసులో ఉన్న ఫోన్ జోలికి పోకూడదు. అడిగింది తప్ప మరొకటి తెరిచి చూడకూడదు. అప్పగించాక మన దగ్గరి నకళ్లు చెరిపేయాలి.

దాతలకు మా విన్నపం రెండు మాటలే. ఈ తరగతికి చిప్ చదివే పరికరం, మంచి మైక్రోస్కోప్, ఇంటర్నెట్‌కు కలపని ఒక కంప్యూటర్ అవసరం. అలాగే మీ ఇళ్లలో మూలన పడి ఉన్న పాత ఫోన్లు పిల్లల సాధనకు ఇవ్వండి. ఇచ్చే ముందు మీ వివరాలు పూర్తిగా తుడవండి. తుడవడం వీలుకాని ఫోన్ మాకూ ఇవ్వవద్దు. మీ అమానత్ మీ దగ్గరే ఉండాలి.

చేతిపని నేర్చిన పిల్లవాడికి నాలుగు డబ్బులు వస్తాయి. దానికి తోడు నమ్మకం నిలబెట్టుకోవడం నేర్చినవాడి దగ్గరికి ఊరు ఊరంతా నడిచి వస్తుంది. మీరిచ్చే ప్రతి రూపాయితో ఆ రెండూ నేర్పుతామని మాట ఇస్తూ, సెలవు తీసుకుంటున్నాం.